రెండేళ్ల పాపకి సెట్రిజిన్, జలుబు చుక్కలు రెండూ పడ్డాయి. ఇప్పుడేం చేయాలి?

మీరు రాసిన సంగతి ముందు ఒకసారి చెప్పుకుందాం. పాపకి రెండేళ్ల నాలుగు నెలలు, బరువు 11 కిలోలు. దోమ కుట్టిన చోటల్లా ఎర్రగా దద్దులు లేచి గోక్కుంటుంటే పోయిన నెల పిల్లల డాక్టరు సెట్రిజిన్ సిరప్ రాశారు, రాత్రిపూట 2.5 ఎంఎల్. మొన్న జలుబు చేసింది. మీరు రాత్రి సెట్రిజిన్ పట్టి వంటింట్లోకి వెళ్లారు. ఆ సంగతి తెలియక మీ అత్తగారు, పెద్దబాబుకి ఎప్పుడో తెచ్చిన జలుబు చుక్కల సీసా తీసి 'ఒక చెంచాడు' పట్టేశారు. పాప మర్నాడు పదకొండింటిదాకా లేవలేదు. లేచాక కూడా మగతగా ఉంది, నోరు ఎండిపోయింది, సాయంత్రానికి మామూలైంది. ఏమైనా ప్రమాదం జరిగిందా, ఈ రెండూ కలిపి ఇవ్వొచ్చా, దోమల కాలమంతా రోజూ సెట్రిజిన్ వేస్తే ఫర్వాలేదా అని మీరు అడిగిన మూడు ప్రశ్నలు.

నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని. పిల్లల వార్డు మందుల కౌంటర్లో ఇరవై రెండేళ్లుగా నిలబడుతున్నాను. మీలాంటి కథ నెలకొకటైనా వింటాను, చాలాసార్లు చివర్లో 'మా అత్తయ్య', 'మా అమ్మ', 'మా ఆయన' అని ఎవరో ఒకరి పేరు వస్తుంది. తప్పు వాళ్లది కాదు. ఎందుకో కింద చెప్తాను.

మొదటి ప్రశ్నకి జవాబు: పాప ఇప్పుడు తింటూ, ఆడుకుంటూ, ఎప్పటిలా మూత్రం పోస్తూ ఉంటే ఆ మోతాదు వల్ల ఇక జరిగేదేమీ లేదు. ఆ మందు రెండు మూడు రోజుల్లో ఒంట్లోంచి వెళ్లిపోతుంది, వెనక ఏ మచ్చా మిగల్చదు. ఆ టెన్షన్ వదిలేయండి. కానీ మర్నాడు పొద్దున పదకొండుదాకా ఎదురుచూడటం మాత్రం మీ అదృష్టం కొద్దీ గడిచిపోయింది. ఇంకెప్పుడైనా మందు పడ్డాక బిడ్డ లేపితే సరిగ్గా లేవకపోతే, 'నిద్రపోనీలే' అనుకోకుండా సీసా చేత్తో పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాలి.

ఇప్పుడు అసలు లెక్క. చుక్కల మందు, సిరప్ ఒకటే అనుకోవడం దగ్గరే సగం ప్రమాదాలు మొదలవుతాయి. సిరప్ మీద మోతాదు 'ప్రతి 5 ఎంఎల్‌లో ఇంత' అని ఉంటుంది. చుక్కల సీసా మీద 'ప్రతి 1 ఎంఎల్‌లో ఇంత' అని ఉంటుంది. చుక్కల మందు చిక్కనిది. పసిపిల్లకి ఎక్కువ ద్రవం పట్టలేం కాబట్టి కొంచెంలోనే ఎక్కువ మందు పెడతారు. మన దగ్గర ఏళ్ల తరబడి అమ్మిన జలుబు చుక్కల్లో మామూలుగా కనిపించే కలయిక, ఒక ఎంఎల్‌లో క్లోర్‌ఫెనిరమిన్ (మత్తు తెచ్చే అలర్జీ మందు) 2 మిల్లీగ్రాములు, ఫెనైలెఫ్రిన్ (ముక్కు దిబ్బడకి వేసేది) 5 మిల్లీగ్రాములు. మీ సీసా కూడా అదే అయితే, ఇంట్లో చెంచా సుమారు 5 ఎంఎల్ పట్టిందనుకుంటే, పాప కడుపులోకి 10 మిల్లీగ్రాముల క్లోర్‌ఫెనిరమిన్ వెళ్లింది. పెద్దవాళ్లు వేసుకునే క్లోర్‌ఫెనిరమిన్ బిళ్ల ఒకటి 4 మిల్లీగ్రాములు. అంటే పెద్దవాళ్ల బిళ్లలు రెండున్నర, 11 కిలోల పిల్లకి, ఒకేసారి, అదీ సెట్రిజిన్ పైన. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకి ఈ మందు రాసేటప్పుడు ఒక్కో మోతాదు 1 మిల్లీగ్రాము, రోజు మొత్తానికి 6 దాటకూడదని లెక్క. పదకొండింటిదాకా ఎందుకు లేవలేదో, నోరెందుకు ఎండిందో ఇప్పుడు అర్థమైంది కదా.

మీ సీసా వెనక చిన్న అక్షరాలు ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. నేను చెప్పిన అంకెలే ఉంటే, ఇంకో వాక్యం కూడా ఉందేమో వెతకండి. ఈ 2, 5 మిల్లీగ్రాముల కలయికని నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడకూడదని సీసా మీద, అట్ట మీద ముద్రించాలని మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో కంపెనీలన్నిటినీ ఆదేశించింది. మీ పెద్దబాబు సీసా అంతకు ముందుదైతే ఆ మాట దాని మీద ఉండదు. అందుకే పాత సీసాని నమ్మొద్దంటాను. మందు పాడైపోతుందని ఒక్కటే కాదు, దాని మీది సలహా కూడా పాతబడిపోతుంది.

అది జరిగిన రెండేళ్లకి, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో ఇరవై మందికి పైగా పిల్లలు దగ్గు సిరప్ తాగి కిడ్నీలు పాడై చనిపోయారు, మీరూ వార్తల్లో చూసే ఉంటారు. ఆ సిరప్‌లోనూ లేబుల్ ప్రకారం పారాసిటమాల్‌తో పాటు ఇదే క్లోర్‌ఫెనిరమిన్, ఇదే ఫెనైలెఫ్రిన్ ఉన్నాయి. అక్కడ పిల్లల్ని చంపింది ఆ మందులు కాదు, అందులో కలిసిన డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం. మన కౌంటర్‌కి వచ్చే తల్లులు అప్పట్లో 'సెట్రిజిన్ కూడా ఆపేయమంటారా' అని అడిగేవారు. ఆపక్కర్లేదు, అది వేరే సంగతి. కానీ ఆ సందర్భంలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ అక్టోబరు 3న చెప్పిన మాట మాత్రం గుర్తుంచుకోవాలి: రెండేళ్ల లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయవద్దు, ఐదేళ్ల లోపు పిల్లలకీ మామూలుగా సిఫారసు చేయము. మీ పాప వయసు రెండేళ్ల నాలుగు నెలలు.

రెండో ప్రశ్న, కలిపి ఇవ్వొచ్చా. ఇవ్వకూడదు. ఎందుకంటే అవి రెండు మందులు కావు, ఒకే పని చేసే రెండు రూపాలు. సెట్రిజిన్ యాంటీహిస్టమినే, జలుబు చుక్కల్లోని క్లోర్‌ఫెనిరమినూ యాంటీహిస్టమినే. పేర్లు వేరు, సీసాల రంగు వేరు, ఒకటి దురదకి, ఇంకొకటి జలుబుకి అని అట్ట మీద ఉంటుంది కాబట్టి మనకి తెలియదు. మీ అత్తగారి తప్పు కాదన్నది ఇందుకే.

దోమ కుట్టినప్పుడో, పడనిది తిన్నప్పుడో ఒంట్లోని కొన్ని కణాలు హిస్టమిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. దానివల్లే ఎరుపు, వాపు, దురద, తుమ్ములు, ముక్కు నుంచి నీళ్లు. యాంటీహిస్టమిన్ వెళ్లి ఆ హిస్టమిన్ కూర్చునే కుర్చీలో ముందే కూర్చుంటుంది, అంతే. వీటిలో పాత తరం ఒకటుంది: క్లోర్‌ఫెనిరమిన్, అవిల్ పేరుతో అందరికీ తెలిసిన ఫెనిరమిన్, ఫెనర్గాన్ అని పిలిచే ప్రొమెథజిన్, డైఫెన్‌హైడ్రమిన్, హైడ్రాక్సిజిన్. ఇవి మెదడులోకి సులువుగా దూరతాయి. అందుకే మత్తు. నోరెండటం, మూత్రం సరిగ్గా రాకపోవడం, గుండె దడ కూడా వీటి లక్షణాలే. కొత్త తరం సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్. ఇవి మెదడులోకి తక్కువగా వెళ్తాయి. సెట్రిజిన్‌తో కాస్త మగత కొందరికి వస్తుంది, అందుకే రాత్రి రాస్తారు. చిన్నపిల్లలకి అలర్జీ మందు అవసరమైతే ఈ రోజుల్లో ముందు చూసేది కొత్త తరాన్నే. నన్నడిగితే పాత తరం సిరప్‌లు ఇంట్లో ఉండాల్సిన పనే లేదు.

ఇంకో సీసా గురించి మీరు అడగలేదు గానీ నేనే అడుగుతాను. పాప సరిగ్గా తినడం లేదని ఆకలి సిరప్ ఏమైనా వాడుతున్నారా? మన ఊళ్లలో ఇది టానిక్ అన్నట్టు నడుస్తుంది. దాని వెనక సైప్రోహెప్టడిన్ అని ఉందేమో చూడండి. అది కూడా పాత తరం యాంటీహిస్టమినే! ఆకలి వేయడం దాని పక్క ప్రభావం. ఒకసారి ఒక తండ్రి కౌంటర్ మీద మూడు సీసాలు వరసగా పెట్టి, 'ఏది ముందు, ఏది తర్వాత పట్టాలి మేడమ్' అని అడిగాడు. ఒకటి దురదకి, ఒకటి జలుబుకి, ఒకటి ఆకలికి, మూడు వేర్వేరు చోట్ల కొన్నవి. మూడింటి వెనకా మూడు యాంటీహిస్టమిన్లు. బాబుకి మూడేళ్లు. స్కూల్లో టీచరు 'మీవాడు ఎప్పుడూ నిద్రపోతున్నాడు' అంటోందని ఆయన బాధ. దానికి మళ్లీ ఒక బలం మందు అడుగుదామని వచ్చాడు.

అయితే జలుబుకి ఏమివ్వాలి? ఐదేళ్ల లోపు పిల్లలకి ఏడాదికి ఆరెనిమిది సార్లు జలుబు రావడం మామూలే. అది వైరస్ వల్ల వచ్చేది, హిస్టమిన్ వల్ల వచ్చేది కాదు. యాంటీహిస్టమిన్ దాన్ని తగ్గించదు, ఒక్కరోజు ముందుగా కూడా నయం చేయదు. ముక్కు ఆరినట్టు కనిపించేది పాత తరం మందు తడి ఆర్పేయడం వల్ల, కఫం చిక్కబడి పిల్లకి ఇంకా ఇబ్బంది. ముక్కులో ఉప్పునీటి చుక్కలు, అంటే సెలైన్ డ్రాప్స్, పాలకి, నిద్రకి ముందు వేయండి. గోరువెచ్చటి ద్రవాలు తరచుగా ఇవ్వండి. దగ్గుకి పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వొచ్చు, పాపకి ఏడాది దాటింది కాబట్టి. ఏడాది లోపు పిల్లల నాలుకకి తేనె రాయడం మన ఇళ్లలో అలవాటు గానీ అది బొట్యులిజం అనే ప్రాణాంతకమైన విషజబ్బు ప్రమాదం ఉన్న పని, చేయకూడదు. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా, పిల్లికూతలు వినిపిస్తున్నా, తాగడం మానేసినా అది సిరప్‌తో పోయే జలుబు కాదు, డాక్టరుకి చూపించాలి.

నిద్ర కోసం ఈ మందులు ఇవ్వడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో ఒక మాట ఉంది: 'సెట్రిజిన్ వేసిన రాత్రి మాకూ కాస్త నిద్ర పడుతుంది.' ఆ మాట నాకు అర్థమవుతుంది, ఇద్దరు పిల్లల్ని పెంచాను. కానీ దురద లేని రాత్రి నిద్ర కోసం వేయడం మొదలైతే ఆపడం కష్టం. అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కే ముందు పిల్లలకి బెనడ్రిల్ పడితే ఇరవై గంటలు హాయిగా ఉంటుందని ఒకరికొకరు చెప్పుకుంటారు. అందులో ఉన్నది డైఫెన్‌హైడ్రమిన్. నిద్ర సరిగ్గా పోని ఆరు నుంచి పదిహేను నెలల పసిపిల్లలకి దాన్ని ఇచ్చి చేసిన ఒక పరీక్ష ఫలితాలు అమెరికాలోనే 2006లో అచ్చువేశారు. ఉత్త తీపినీళ్లలాంటి మందుకీ దీనికీ తేడా కనపడక ఆ పరీక్షని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. పైగా కొందరు పిల్లలకి ఈ పాత తరం మందు మత్తుకి బదులు రివర్స్ కొడుతుంది: ఏడుపు, గెంతులు, చిరాకు, తెల్లవార్లూ జాగారం. విమానంలో ఆ దృశ్యం ఊహించుకోండి. ఇంకో జాగ్రత్త, అమెరికా బెనడ్రిల్, మన షాపులో దగ్గుకి అమ్మే బెనడ్రిల్ ఒకటి కావు. మన దాంట్లో వేరే పదార్థాలూ కలుస్తాయి, బలం కూడా వేరు. అక్కడి కొలత చూసి ఇక్కడి సీసా వాడకూడదు.

ఫెనర్గాన్ గురించి ప్రత్యేకంగా. దానివల్ల ఊపిరి మందగించి పసిపిల్లలు చనిపోయిన సందర్భాలు చూశాక, 2004లో అమెరికా ఔషధ సంస్థ రెండేళ్ల లోపు పిల్లలకి ప్రొమెథజిన్ అసలు వాడకూడదని నల్ల గడి కట్టి హెచ్చరిక వేయించింది. మన దగ్గర బస్సు ప్రయాణానికి, వాంతులకి అని ఇప్పటికీ అలవాటుగా అడిగేవాళ్లున్నారు. పెద్దలకి పని చేస్తుంది, ఒప్పుకుంటాను. పసిబిడ్డకి వద్దు.

కొలత సంగతికి వస్తాను, ఇది నాకు ఇష్టమైన విషయం, కాస్త ఓపిక పట్టండి. ఒక ఆదివారం మా ఇంట్లో ఉన్న చెంచాలన్నీ బల్ల మీద పరిచాను. టీ చెంచాలు, పెరుగు చెంచా, మా అమ్మ పోపుడబ్బాలో ఉండే పాత ఇత్తడి చెంచా, అన్నీ కలిపి తొమ్మిది. ఒక్కోదాన్ని నీళ్లతో నింపి సూది లేని సిరంజితో పీల్చి కొలిచాను. అన్నిటికంటే చిన్నది 3 ఎంఎల్‌కి కొంచెం తక్కువ, అన్నిటికంటే పెద్దది 7 దాటింది. ఒకే వంటింట్లో, 'ఒక చెంచాడు' అనే ఒకే మాటకి రెండింతల పైన తేడా. ఉగ్గుగిన్నెతో మందు పట్టేవాళ్లయితే ఇంకా గందరగోళం, గిన్నె అడుగున ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు.

అందుకని ఐదు రూపాయలో పది రూపాయలో పెట్టి సూది లేని 5 ఎంఎల్ సిరంజి ఒకటి కొనండి. షాపులో 'సూది వద్దు, మందు పట్టడానికి' అని చెప్తే ఇస్తారు. కొనగానే దాని కొసన చిన్న మూత ఉంటే తీసి అవతల పారేయండి, పిల్ల గొంతులోకి జారుతుంది. సిరప్‌ని 2.5 గీత దాకా లాగండి, గాలిబుడగ ఉంటే పైకి తట్టి తోసేసి మళ్లీ చూసుకోండి. గీతని కంటి ఎత్తులో పెట్టి చూడాలి, పైనుంచి చూస్తే ఎక్కువ పడుతుంది. పాపని పడుకోబెట్టి కాదు, ఒళ్లో కూర్చోబెట్టుకుని, నాలుక మీద కాకుండా బుగ్గ లోపలి వైపు కొసపెట్టి కొంచెం కొంచెంగా వదలండి. సీసాతో వచ్చిన మూత కప్పు కూడా వాడొచ్చు గానీ 2.5 గీత చాలా కప్పుల్లో గుడ్డి వెలుతురులో కనపడదు. చుక్కల సీసాతో వచ్చిన డ్రాపర్‌ని ఇంకే సీసాకీ వాడకండి, గీతలు ఆ మందుకే గీసి ఉంటాయి.

మీ సెట్రిజిన్ మోతాదు సరిగ్గానే ఉంది. మన దగ్గర సెట్రిజిన్ సిరప్ మామూలుగా 5 ఎంఎల్‌లో 5 మిల్లీగ్రాములు. మీ డాక్టరు రాసిన 2.5 ఎంఎల్ అంటే 2.5 మిల్లీగ్రాములు, రోజుకి ఒకసారి. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకి మొదలుపెట్టే మోతాదు ఇదే. అవసరమైతే రోజు మొత్తానికి 5 మిల్లీగ్రాముల దాకా పెంచుతారు, అది డాక్టరు చెప్పాలి. వచ్చేసారి షాపువాడు 'సెట్రిజిన్ లేదు, లెవోసెట్రిజిన్ ఉంది, అదే ఇది' అంటే అక్కడ ఆగండి. మందు చుట్టమే, కానీ లెక్క సగం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా లెవోసెట్రిజిన్ 1.25 మిల్లీగ్రాములే, రోజుకి ఒకసారి. ఆ సిరప్ 5 ఎంఎల్‌లో 2.5 మిల్లీగ్రాములు ఉండేదైతే మళ్లీ 2.5 ఎంఎల్ అవుతుంది, కాబట్టి చాలాసార్లు ఏమీ కాదు. వేరే బలం ఉన్న సీసా చేతికొస్తేనే తేడా కొడుతుంది. ఈ దురద మందుల్లోనే హైడ్రాక్సిజిన్ ఉంది చూశారూ, దాని సిరప్ 5 ఎంఎల్‌లో 10 మిల్లీగ్రాములు, చుక్కలు ఒక్క ఎంఎల్‌లోనే 6. అంటే చుక్కల మందు సిరప్ కంటే మూడు రెట్లు చిక్కన. చీటీలో 'సిరప్' అని ఉంటే చుక్కలు తీసుకోకండి, 'డ్రాప్స్' అని ఉంటే సిరప్ తీసుకోకండి. షాపులో మార్చి ఇస్తే డాక్టరుకి ఫోన్ చేశాకే పట్టండి.

లెవోసెట్రిజిన్‌కి మాంటెలుకాస్ట్ కలిపిన సిరప్‌లు కూడా ఈ మధ్య బాగా రాస్తున్నారు. ఉబ్బసం ఉన్న పిల్లలకి దాని స్థానం దానికుంది. దద్దులకి దానంతట అదే కొని వేయకండి. మాంటెలుకాస్ట్‌తో కొందరు పిల్లలకి పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో మార్పులు వస్తాయని 2020లో అమెరికా సంస్థ గట్టి హెచ్చరికే పెట్టింది.

సెట్రిజిన్ వేసిన గంట లోపే పని మొదలవుతుంది, దాదాపు ఒక రోజు నిలుస్తుంది. వేసిన పావుగంటకి దురద తగ్గలేదని ఇంకో 2.5 పట్టకండి. పాప కక్కేస్తే ఎంత బయటికొచ్చిందో మనం చెప్పలేం, అది యాంటీబయాటిక్ కాదు కాబట్టి ఒక రాత్రి మందు పోతే నష్టం లేదు, మర్నాటి మందు మర్నాడు వేయండి. ఎవరైనా మీకు ఫెక్సోఫెనడిన్ రాస్తే దాన్ని బత్తాయి, యాపిల్ జ్యూస్‌లతో ఇవ్వొద్దు, ఒంటికి పట్టదు. నీళ్లతోనే.

మూడో ప్రశ్న, దోమల కాలమంతా రోజూ. డాక్టరు చెప్తే సెట్రిజిన్ వారాల తరబడి వాడొచ్చు, ఆ వయసు పిల్లల్లో చాలా అనుభవం ఉన్న మందు. కానీ దోమకాటుకి రోజూ మందు వేయడం అంటే, కప్పు కారుతుంటే కింద గిన్నె పెట్టుకుని కూర్చోవడమే. ఈ వయసులో కొందరికి దోమ, నల్లి, చీమ కాటుకి కుట్టినచోట గట్టి బొడిపెలు లేచి వారాలు ఉండిపోతాయి, పాత మచ్చలు కూడా మళ్లీ దురదపెడతాయి. ఎదిగేకొద్దీ ఒళ్లు అలవాటు పడి తగ్గిపోతుంది. అప్పటిదాకా దోమతెర కట్టండి, సాయంత్రం అయిదు నుంచి నిండు చేతుల చొక్కా, పొడుగు పైజామా వేయండి. మంచం నవారు, పరుపు కుట్లు ఒకసారి ఎండలో వేసి చూడండి, కొన్నిసార్లు దోమ పేరు మీద నల్లి కుడుతుంటుంది. గోళ్లు పొట్టిగా కత్తిరించండి. దురద ఉన్నచోట చల్లటి తడి గుడ్డ, క్యాలమిన్ లోషన్. యాంటీహిస్టమిన్ కలిసిన పూత మందులు మాత్రం రాయకండి, చర్మానికే అలర్జీ తెప్పిస్తాయి, నోటి మందుకి తోడు అది కూడా ఒంట్లోకి వెళ్తుంది. ఇవన్నీ చేశాక కూడా గోక్కుని పుండ్లు పడుతున్న రోజుల్లోనే సెట్రిజిన్ వాడితే సరిపోతుంది. మీ డాక్టరుతో అలాగే మాట్లాడి చూడండి. ఎండాకాలం చెమటకాయలకి మాత్రం ఏ యాంటీహిస్టమినూ అవసరం లేదు, గాలి, స్నానం, నూలు బట్ట.

ఇక్కడ ఒక విషయం మీద కాస్త గొంతు పెంచుతాను. దద్దులు వస్తే యాంటీహిస్టమిన్ సరే. కానీ దద్దులతో పాటు పెదాలో నాలుకో వాచినా, గొంతు బొంగురుపోయినా, ఆయాసం, పిల్లికూతలు వచ్చినా, వరసగా వాంతులు అవుతున్నా, పిల్ల పాలిపోయి వాలిపోతున్నా, అది సెట్రిజిన్‌కి లొంగే అలర్జీ కాదు. దాన్ని అనాఫిలాక్సిస్ అంటారు. దానికి ప్రాణం నిలిపే మందు ఒక్కటే, తొడ బయటివైపు కండలోకి ఇచ్చే ఆడ్రినలిన్ ఇంజెక్షన్. యాంటీహిస్టమిన్ దురద తగ్గిస్తుంది, గొంతు వాపునీ పడిపోతున్న బీపీనీ ఆపలేదు. మా దగ్గరికి ఒక పిల్లాడిని తెచ్చారు, పెళ్లి భోజనంలో జీడిపప్పు తిన్నాక మొదలైంది. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర అవిల్ ఇంజెక్షన్ వేయించి, 'తగ్గుతుంది కూర్చోండి' అంటే ముప్పావుగంట కూర్చున్నారు. దద్దులు నిజంగానే తగ్గాయట, అందుకే ధైర్యంగా కూర్చున్నారు. మా క్యాజువాలిటీకి వచ్చేసరికి పెదాలు నీలం. ఆడ్రినలిన్ పడ్డాక పది నిమిషాల్లో మనిషి తిరిగొచ్చాడు. అలాంటప్పుడు సిరప్ కోసం వెతుకుతూ నిమిషాలు పోగొట్టకండి. 108కి ఫోన్ చేయండి, లేదా బండి ఉంటే నేరుగా ఆస్పత్రికి. పిల్లని నడిపించొద్దు, నిలువుగా భుజాన వేసుకోవద్దు, పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తి పెట్టండి. ఆయాసంగా ఉంటే ఒళ్లో కూర్చోబెట్టండి.

మందు ఎక్కువ పడితే కనిపించేవి కూడా తెలుసుకోండి. లేపినా లేవని మత్తు ఒకటి. దానికి పూర్తిగా ఉల్టా కూడా ఉంటుంది: మొహం ఎర్రబడి ఒళ్లు కాలుతుంటుంది కానీ చెమట ఉండదు, కంటిపాపలు పెద్దవవుతాయి, గుండె దడదడ కొట్టుకుంటుంది, లేనివాటిని చూసి భయపడుతుంది, గాలిలో ఏదో పట్టుకోబోతున్నట్టు చేతులు ఆడిస్తుంది, ఫిట్స్ కూడా రావచ్చు. ఇవేవి కనిపించినా వాంతి చేయించే ప్రయత్నం చేయకండి, ఉప్పునీళ్లు పట్టకండి. సీసా, ఎంత పోయిందో అంచనా, ఎన్నింటికి పట్టారో సమయం, ఈ మూడూ తీసుకుని వెళ్లండి. లక్షణాలేమీ లేకపోయినా ఎక్కువ పట్టామని తెలిసిన క్షణమే ఎవరినైనా అడగండి, ఢిల్లీ ఎయిమ్స్‌లో విషప్రభావాల సమాచార కేంద్రం ఉంది, 1800 116 117కి ఏ రాష్ట్రం నుంచైనా ఉచితంగా మాట్లాడొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్లకి 1800 222 1222.

మీ పాపకి సంబంధం లేకపోయినా, ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని రెండు ముక్కలు. ఆరు నెలల లోపు పసికందుకి డాక్టరు చూడకుండా ఏ యాంటీహిస్టమినూ వద్దు. ఫిట్స్ వచ్చిన పిల్లలకి, కిడ్నీ జబ్బు ఉన్న పిల్లలకి ఆ సంగతి ముందే చెప్పి రాయించుకోవాలి. సెట్రిజిన్ కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది, అవి సరిగ్గా లేకపోతే ఒంట్లో పేరుకుంటుంది. అలర్జీ తెలుసుకోవడానికి చర్మం మీద గుచ్చి చేసే పరీక్షకి వెళ్లేవాళ్లు సుమారు వారం ముందు నుంచి ఈ మందు ఆపాలి, లేకపోతే అలర్జీ ఉన్నా లేనట్టు చూపిస్తుంది.

మీ అత్తగారితో గొడవ పడకండి. ఆవిడ కాలంలో ఇంట్లో ఉండే సీసా ఒకటే, పిల్లకి జలుబైతే పట్టేది అదే. నేను చాలా ఇళ్లకి చెప్పి పని చేసిన ఉపాయం ఒకటుంది. సెట్రిజిన్ సీసా మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, పెన్నుతో పెద్దక్షరాల్లో 'పాప, దురద, రాత్రి, 2.5' అని రాయండి. సిరంజిని రబ్బరు బ్యాండుతో ఆ సీసాకే కట్టేయండి. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం పెట్టి, మందు పట్టినవాళ్లు టైము రాసి టిక్కు కొట్టాలని ఇంట్లో అందరికీ చెప్పండి, మీకు కూడా అదే రూలు. టిక్కు ఉంటే ఇంకెవరూ పట్టరు. సీసా ఎత్తులో, వీలైతే తాళం వేసే బీరువాలో ఉండాలి, ఎందుకంటే అది స్ట్రాబెరీ వాసన వేస్తుంది, మీ పాపకి స్టూలు లాక్కోవడం ఈపాటికి వచ్చే ఉంటుంది. 'స్వీటు' అని చెప్పి మాత్రం పట్టకండి.

ఆ పాత జలుబు చుక్కల సీసాని ఇవాళే తీసేయండి. సింక్‌లో పోయకండి. వాడిన టీ పొడిలో కలిపి, కవర్లో గట్టిగా కట్టి చెత్తలో వేయండి, సీసా మీది లేబుల్ చింపేయండి. లేబుల్ ఫోటో మాత్రం ఫోన్‌లో ఉంచుకుని, వచ్చేసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పి చూపించండి.